రేడియోలో విన్న కాల్ సైన్ ఎక్కడిదో తేల్చుకోవడం ఎలా?

“వీయూ2 అని విన్నాను. అది హైదరాబాదా, విజయవాడా?” “డల్లాస్ స్టేషన్ పేరు డబ్ల్యూతో మొదలవుతోంది. మిసిసిపీ నదికి పడమటివన్నీ కేతో ఉండాలి కదా?” “రేడియోలో మాట్లాడుకున్నవాళ్లు పంపుకునే పాత కార్డు మీద ఎఫ్ఎన్8 అని ఉంది. అదే దేశం?” రేడియో స్టేషన్‌కు లైసెన్సుతో పాటు ఇచ్చే అక్షరాలు, అంకెల గుర్తింపు పేరే కాల్ సైన్. దాని గురించి ఎక్కువమంది అడిగేవి ఈ మూడే. మూడింటికీ జవాబు దొరికే పద్ధతి ఒకటే. కాల్ సైన్‌ను ఎడమ నుంచి కుడికి విడదీసుకుంటూ వెళ్లాలి. రుజువు ఎక్కడ ఆగితే అక్కడ మనమూ ఆగాలి.

మొదలుపెట్టే ముందు ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. కాల్ సైన్ చెప్పేది లైసెన్సు ఏ దేశం ఇచ్చిందన్నది. మాట్లాడుతున్న మనిషి ఏ ఊళ్లో కూర్చున్నాడో చాలాసార్లు అది చెప్పదు. ఇక్కడ జరిగే పొరపాట్లలో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్లే.

కావలసినవి

- ఎస్ఎస్‌బీ, అంటే సింగిల్ సైడ్‌బ్యాండ్ మోడ్ ఉన్న షార్ట్‌వేవ్ రేడియో. మామూలు ఏఎమ్ రేడియోలో హ్యామ్‌ల, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ల, మాటలు బాతు అరిచినట్టు వినిపిస్తాయి, అక్షరం ముక్క అర్థం కాదు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఎల్ఎస్‌బీ (కింది సైడ్‌బ్యాండ్), 14 మెగాహెర్ట్జ్ దగ్గర యూఎస్‌బీ (పై సైడ్‌బ్యాండ్) పెట్టాలి.
- 10 మీటర్ల ఇన్సులేటెడ్ తీగ. కరెంటు తీగలకు, ఎల్ఈడీ బల్బులకు దూరంగా మేడ మీద కట్టండి. ఉరుములప్పుడు రేడియో నుంచి ఊడదీయండి.
- రేడియో లేకపోతే ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కివీ ఎస్‌డీఆర్ లాంటి రిమోట్ రిసీవర్లు చాలు. కానీ మీరు వింటున్నది ఆ రిసీవర్ ఉన్న ఊరి ఆకాశాన్ని. జపాన్ రిసీవర్‌లో విని “మా ఊళ్లో వినిపించింది” అని రాసుకుంటే లెక్కంతా తప్పుతుంది.
- యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం చూపించే గడియారం. మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేస్తే యూటీసీ వస్తుంది.
- అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అంటే ఐటీయూ, కాల్ సైన్ల పట్టిక. రేడియో రెగ్యులేషన్స్‌లో 42వ అనుబంధం అదే.
- నోటుబుక్, పెన్సిల్.

వినడం వరకే ఈ పద్ధతి. ప్రసారం చేయాలంటే లైసెన్సు తప్పనిసరి. సొంతంగా కాల్ సైన్ పెట్టుకుని మాట్లాడటం నేరం.

1. విన్నది విన్నట్టే రాయండి

పూర్తి కాల్ సైన్ కనీసం రెండుసార్లు వినేదాకా దేశం గురించి ఆలోచించకండి. అనుమానం ఉన్న అక్షరం చోట ప్రశ్న గుర్తు పెట్టండి. ముందే “ఇది శ్రీలంకే” అనుకున్నారంటే చెవి కూడా శ్రీలంకనే వింటుంది.

బీ, డీ, ఈ, జీ, పీ, టీ, వీ అక్షరాలు గోలలో ఒకేలా వినిపిస్తాయి. ఎమ్, ఎన్ ఒక జంట. ఎఫ్, ఎస్ మరో జంట. అందుకే ఆపరేటర్లు ఒక అంతర్జాతీయ జాబితా ప్రకారం వీ అనడానికి విక్టర్, యూ అనడానికి యూనిఫామ్ అంటారు. అందరూ ఆ జాబితానే పాటించరు, అక్కడే చిక్కు. ఏకు ఆల్ఫా బదులు అమెరికా, జీకి గాల్ఫ్ బదులు జర్మనీ, జేకు జూలియట్ బదులు జపాన్, ఎల్‌కు లిమా బదులు లండన్ అనేవాళ్లున్నారు. “జర్మనీ” అని వినగానే జర్మన్ స్టేషన్ అని రాసేయకండి. ఆ మాటలోని మొదటి అక్షరం మాత్రమే తీసుకోండి. నిజానికి జీతో మొదలయ్యేది బ్రిటన్.

మోర్స్ వినేవాళ్లకు జాగ్రత్త వేరు. యూకు రెండు చుక్కలు ఒక గీత, వీకి మూడు చుక్కలు ఒక గీత, 4కు నాలుగు చుక్కలు ఒక గీత. ఒక చుక్క జారిపోతే దేశమే మారిపోతుంది.

2. ఏ రకం స్టేషనో తేల్చండి

ఈ మెట్టు దాటేసి నేరుగా పట్టిక తీసేవాళ్లే ఎక్కువ తప్పు చేస్తారు. ఒకే అక్షరానికి హ్యామ్‌ల దగ్గర ఒక లెక్క, ప్రసార స్టేషన్ల దగ్గర ఒక లెక్క.

మధ్యలో అంకె ఉండి, దాని తర్వాత ఒకటి నుంచి నాలుగు అక్షరాలు ఉంటే చాలావరకు హ్యామ్. అంకె లేకుండా మూడు నాలుగు అక్షరాలే ఉంటే ప్రసార కేంద్రమో, తీర స్టేషనో, టైమ్ సిగ్నల్ స్టేషనో కావచ్చు. కొన్ని విమానాలు తమ రిజిస్ట్రేషన్‌నే కాల్ సైన్‌గా వాడతాయి. మన విమానాల తోక దగ్గర కనిపించే వీటీ అలాంటిదే.

ఆకాశవాణి కేంద్రాల దగ్గర కాల్ సైన్ కోసం చెవులు రిక్కించకండి. “ఆకాశవాణి, విజయవాడ కేంద్రం” అని ఊరి పేరే చెబుతారు.

3. ప్రిఫిక్స్‌తో దేశం పట్టండి

కాల్ సైన్ మొదట్లో దేశాన్ని చెప్పే ముక్కే ప్రిఫిక్స్. పట్టికలో మొదటి అక్షరంతో మొదలుపెట్టండి. బీ చైనా, ఎఫ్ ఫ్రాన్స్, జీ, ఎమ్ బ్రిటన్, ఐ ఇటలీ, ఆర్ రష్యా, కే, ఎన్, డబ్ల్యూ అమెరికా. వీటికి ఒక్క అక్షరం సరిపోతుంది. మిగతావాటికి రెండు కావాలి, కొన్నిటికి మూడు కూడా. 3డీఏ నుంచి 3డీఎమ్ వరకు ఆఫ్రికాలోని ఎస్వాటినీది, 3డీఎన్ నుంచి 3డీజెడ్ వరకు పసిఫిక్‌లోని ఫిజీది. హ్యామ్‌లలో 3డీఏ0 అంటే ఎస్వాటినీ, 3డీ2 అంటే ఫిజీ. రెండు అక్షరాల దగ్గర ఆగితే రెండు మహాసముద్రాల తేడా వస్తుంది.

మన దేశానికి మూడు వరుసలున్నాయి: ఏటీఏ నుంచి ఏడబ్ల్యూజెడ్, వీటీఏ నుంచి వీడబ్ల్యూజెడ్, 8టీఏ నుంచి 8వైజెడ్. హ్యామ్‌లకు మామూలుగా వచ్చేది వీయూ. ప్రత్యేక సందర్భాల్లో ఏటీ, ఏయూ, 8టీ కూడా వినిపిస్తాయి, కంగారు పడకండి.

ఇక్కడి నుంచి తేలిగ్గా వినిపించే ఇరుగుపొరుగు: శ్రీలంక 4ఎస్, నేపాల్ 9ఎన్, పాకిస్తాన్ ఏపీ, బంగ్లాదేశ్ ఎస్2, భూటాన్ ఏ5, మాల్దీవులు 8క్యూ, మయన్మార్ ఎక్స్‌జెడ్, థాయ్‌లాండ్ హెచ్ఎస్, సింగపూర్ 9వీ. మనవాళ్లు ఎక్కువగా ఉన్న గల్ఫ్‌లో ఒమాన్ ఏ4, యూఏఈ ఏ6, ఖతర్ ఏ7, బహ్రెయిన్ ఏ9, కువైట్ 9కే, సౌదీ హెచ్‌జెడ్. ఏపీ అని వింటే ఆంధ్రప్రదేశ్ గుర్తుకొస్తుంది కానీ అది పాకిస్తాన్‌ది.

ఇక్కడో తనిఖీ. ఏ దేశానికీ క్యూతో మొదలయ్యే వరుస ఇవ్వలేదు, ఎందుకంటే క్యూఎస్ఎల్ (అందింది), క్యూటీహెచ్ (ఉన్న చోటు) లాంటి క్యూ కోడ్‌లతో, అంటే రేడియోవాళ్ల పొట్టి సంకేతాలతో కలిసిపోతుంది. సున్నాతో, 1తో మొదలయ్యే వరుసలూ ఎవరికీ ఇవ్వలేదు. మీ పుస్తకంలో కాల్ సైన్ అలా మొదలైతే దాదాపు ఖాయంగా తప్పు విన్నట్టే. రోమ్‌లోని మాల్టా ఆర్డర్ వాడే 1ఏ0 లాంటి అనధికార మినహాయింపులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వీటీ అంటే వైస్రాయ్ టెరిటరీ అనీ, విక్టోరియా టెరిటరీ అనీ ఒక కథ ప్రచారంలో ఉంది. నమ్మకండి. 1927లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశం అక్షరాలను వరుసలుగా పంచినప్పుడు వీపీ నుంచి వీఎస్ వరకు బ్రిటిష్ వలసలకు పోయింది, ఆ పక్కనే ఉన్న వీటీ నుంచి వీడబ్ల్యూ వరకు ఇండియాకు వచ్చింది. ఆ వరుసలోంచి విమానాలకు వీటీ, హ్యామ్‌లకు వీయూ తీసుకున్నారు. అక్షరాల వెనుక వేరే అర్థం ఏమీ లేదు. ఆ పంపకం అమలైంది 1929 జనవరి 1 నుంచి.

4. అంకెను నమ్మాలా వద్దా?

ఇది దేశాన్ని బట్టి ఉంటుంది. అన్ని దేశాలకూ ఒకే సూత్రం పెట్టుకోవద్దు.

మన దేశంలో అంకె రాష్ట్రాన్ని చెప్పదు. వీయూ2 అంటే జనరల్ గ్రేడ్ లైసెన్సు, వీయూ3 అంటే రెస్ట్రిక్టెడ్ గ్రేడ్. తర్వాతి అక్షరాల్లోనూ ఊరు దాగి ఉండదు. కాబట్టి “హైదరాబాదా, విజయవాడా?” అన్న ప్రశ్నకు కాల్ సైన్‌లో జవాబు లేదు. ఆపరేటర్ “క్యూటీహెచ్” అని తన ఊరు చెప్పేదాకా ఆగాల్సిందే. మినహాయింపులు రెండు దీవుల సమూహాలకు: వీయూ4 అండమాన్ నికోబార్, వీయూ7 లక్షద్వీప్. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ, వీయూ4ఎన్ఆర్ఓ పేర్లతో ప్రసారం చేస్తుండగానే సునామీ వచ్చింది. ఫోన్లు తెగిపోయిన ఆ రోజుల్లో వాళ్ల రేడియోలే కబుర్లు మోశాయి. అప్పుడు వీయూ4 అని వినగానే స్టేషన్ దీవుల్లో ఉందని ప్రపంచంలో ప్రతి హ్యామ్‌కూ తెలిసిపోయేది.

ఆస్ట్రేలియాలో అంకె బాగా పనికొస్తుంది. వీకే తర్వాత 2 ఉంటే న్యూ సౌత్ వేల్స్, 3 విక్టోరియా, 4 క్వీన్స్‌లాండ్, 5 దక్షిణ ఆస్ట్రేలియా, 6 పశ్చిమ ఆస్ట్రేలియా, 7 టాస్మేనియా. అక్కడి ప్రసార స్టేషన్లకూ అదే అంకె: మెల్‌బోర్న్ 3ఏడబ్ల్యూ, సిడ్నీ 2జీబీ. జపాన్‌లో 1 టోక్యో చుట్టుపక్కల కాంటో ప్రాంతం, 3 ఒసాకా వైపు, 6 క్యూషూ, ఒకినావా, 8 హొక్కైడో.

అమెరికా హ్యామ్‌లలో అంకె సూచన మాత్రమే, సాక్ష్యం కాదు. 1 న్యూ ఇంగ్లాండ్, 2 న్యూయార్క్, న్యూజెర్సీ, 5లో టెక్సాస్, 6 కాలిఫోర్నియా. కానీ 1970ల చివరి నుంచి ఇల్లు మారినా పాత కాల్ సైన్ ఉంచుకోవచ్చు. 6 ఉన్న మనిషి ఇవాళ ఫ్లోరిడాలో ఉండొచ్చు. మారనిదానికి ఉదాహరణ డబ్ల్యూ1ఏడబ్ల్యూ: అమెరికా హ్యామ్‌ల సంఘం కేంద్ర స్టేషన్, కనెక్టికట్‌లోని న్యూయింగ్టన్‌లో ఉంది. 1 అక్కడ అచ్చంగా సరిపోతుంది.

5. స్ట్రోక్ తర్వాత ఏముందో వినండి

కాల్ సైన్‌లో వచ్చే ఏటవాలు గీతను స్ట్రోక్ అంటారు. “స్ట్రోక్ పోర్టబుల్” లేదా పీ అంటే ఇల్లు వదిలి వేరే చోట పెట్టిన సెట్టు. ఎమ్ వాహనం, ఎమ్ఎమ్ సముద్రంలో ఓడ, ఏఎమ్ విమానం. ఎమ్ఎమ్ వినిపిస్తే ఆ స్టేషన్ ఏ దేశంలో ఉందో రాయకండి.

వేరే దేశం వెళ్లిన హ్యామ్ సాధారణంగా ఆ దేశం ప్రిఫిక్స్‌ను ముందు చెబుతాడు. 4ఎస్7 స్ట్రోక్ అని మొదలుపెట్టి వీయూ2 కాల్ సైన్ చెబితే, మనిషి భారతీయుడు, ఉన్నది శ్రీలంకలో. రెంటినీ రాయండి. డబ్ల్యూ1ఏడబ్ల్యూ స్ట్రోక్ 4 అంటే నాలుగో ప్రాంతం, అంటే అమెరికా ఆగ్నేయం నుంచి ప్రసారం.

6. అమెరికా ప్రసార స్టేషనైతే మిసిసిపీ లెక్క వేయండి

ముందే చెప్పాలి: కే పడమర, డబ్ల్యూ తూర్పు అన్న సూత్రం ప్రసార స్టేషన్లకే. హ్యామ్‌లకు వర్తించదు. కేతో మొదలయ్యే హ్యామ్ న్యూయార్క్‌లో ఉండటంలో వింతేమీ లేదు.

ఇక డల్లాస్ సంగతి. 1912 అమెరికా రేడియో చట్టం తర్వాత అక్షరాలు పంచినప్పుడు విభజన రేఖ మిసిసిపీ నది కాదు. టెక్సాస్, న్యూ మెక్సికోల సరిహద్దు మీదుగా ఉత్తరానికి గీసిన గీత అది. అంటే టెక్సాస్ మొత్తం డబ్ల్యూ వైపే. 1923 జనవరి చివర రేఖను మిసిసిపీకి జరిపారు, అప్పటికే పేరున్న స్టేషన్లను మాత్రం కదపలేదు. అందుకే డల్లాస్‌లో డబ్ల్యూఎఫ్ఏఏ, ఫోర్ట్ వర్త్‌లో డబ్ల్యూబీఏపీ, శాన్ ఆంటోనియోలో డబ్ల్యూఓఏఐ మిగిలాయి. నదికి పడమర డబ్ల్యూ కనిపిస్తే మొదటి అనుమానం ఇదే కావాలి: ఇది 1923కు ముందు పుట్టిన పేరేమో.

తూర్పున కే కనిపిస్తే కారణాలు వేరు. 1920 నవంబర్ 2న ఎన్నికల ఫలితాలు ప్రసారం చేసిన పిట్స్‌బర్గ్ కేడీకేఏ పేరు వచ్చింది, కొత్త స్టేషన్లకు కొన్నాళ్లు ఎక్కడున్నా కే వరుసే ఇచ్చిన కాలంలో. కేవైడబ్ల్యూ 1921లో షికాగోలో మొదలై 1934లో ఫిలడెల్ఫియాకు మారింది. స్టేషన్ తరలితే పేరూ వెంట వెళ్లొచ్చు. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి టైమ్ సిగ్నల్ ఇచ్చే డబ్ల్యూడబ్ల్యూవీ కూడా అంతే, 1966లో మేరీలాండ్ నుంచి వెళ్లింది. మిన్నెసోటా, లూసియానా రాష్ట్రాల మధ్యలోంచి నది పారుతుంది కాబట్టి అక్కడ రెండూ కలిసే ఉంటాయి. మినియాపొలిస్‌లో డబ్ల్యూసీసీఓ, పక్కనే సెయింట్ పాల్‌లో కేఎస్‌టీపీ.

సరిచూసుకోవడానికి గంట కొట్టే సమయానికి వినండి. అమెరికా స్టేషన్లు గంటగంటకూ కాల్ సైన్, దాని వెంటే లైసెన్సు ఊరి పేరు చెప్పాలన్నది నిబంధన. ఆ ఊరు స్టూడియో ఉన్న నగరం కాకపోవచ్చు, శివారులోని చిన్న పట్టణమైనా కావచ్చు. “డల్లాస్ రేడియో” అని ప్రచారం చేసుకునే స్టేషన్ వేరే ఊరి పేరు చెబితే తప్పు మీ చెవిది కాదు.

కే లేదా డబ్ల్యూ, మూడు అంకెలు, రెండు అక్షరాలు ఉంటే అది చిన్న ఎఫ్ఎమ్ ట్రాన్స్‌లేటర్, అంటే వేరే స్టేషన్ ప్రసారాన్ని తిరిగి వినిపించే చిన్న స్టేషన్. అంకెలు ఛానెల్ సంఖ్య. 200 తీసేసి, 0.2తో గుణించి, 87.9 కలపండి. 237 ఉంటే 37 సార్లు 0.2 అంటే 7.4, 87.9 కలిపితే 95.3 మెగాహెర్ట్జ్. రేడియో డయల్ వేరే సంఖ్య చూపిస్తుంటే మీరు కాల్ సైన్ తప్పు రాసుకున్నారు.

7. పాత కార్డు, పాత లాగ్ అయితే ముందు తేదీ చూడండి

ఇవాళ్టి పట్టికతో నిన్నటి కాల్ సైన్ చదివితే ఘోరంగా దారి తప్పుతారు.

ఎఫ్ఎన్8 అంటే ఫ్రెంచ్ ఇండియా. పుదుచ్చేరి, యానాం, కారైకాల్, మాహే ఫ్రెంచివారి చేతిలో ఉన్న కాలం నాటిది. హ్యామ్‌ల దేశాల జాబితాలో దాని లెక్క 1954 నవంబర్ 1తో ముగిసింది. సీఆర్8 పోర్చుగీసు గోవా, అది 1961తో ముగిసింది. ఏసీ3 సిక్కిం, 1975లో మన దేశంలో కలిసేదాకా. వీఎస్7 సిలోన్, ఇప్పుడు 4ఎస్7. వీఎస్6 హాంకాంగ్, తర్వాత వీఆర్2. సోవియట్ కాలంలో యూఆర్2 ఎస్తోనియా, యూక్యూ2 లాత్వియా. ఇవాళ యూఆర్ యుక్రెయిన్, యూక్యూ కజకిస్తాన్.

1929కి ముందువైతే దేశం ప్రిఫిక్సే ఉండకపోవచ్చు. 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు వాడింది 2జేకే. 1927 జూలైలో మొదలైన బొంబాయి ప్రసార కేంద్రం 7బీవై, ఆగస్టులో మొదలైన కలకత్తా కేంద్రం 7సీఏ. 2తో మొదలైంది కదా అని 2జేకేను ఇవాళ్టి పట్టికలో వెతికితే బ్రిటన్ అని వస్తుంది. ఇంకా వెనక్కి వెళ్తే అక్షరాలు దేశాన్ని కాక కంపెనీని చెప్పేవి. టైటానిక్ ఎమ్‌జీవై, కార్పేథియా ఎమ్‌పీఏ. ఆ ఎమ్ మార్కోనీ కంపెనీది.

8. ఫలితాన్ని సరిచూడండి

మూడు పరీక్షలు పెట్టండి.

మొదటిది, సమయం. మధ్యాహ్నం 7 మెగాహెర్ట్జ్ మీద మనకు వినిపించేవి మహా అయితే కొన్ని వందల కిలోమీటర్ల లోపలివి. మిట్టమధ్యాహ్నం ఆ బ్యాండ్‌లో అమెరికా హ్యామ్‌ను విన్నట్టు రాసుకుంటే మళ్లీ వినండి. దూరాలకు 7 మెగాహెర్ట్జ్‌ను చీకటి పడ్డాక, 14 మెగాహెర్ట్జ్‌ను పగలు, సాయంత్రం చూడండి.

రెండోది, డైరెక్టరీ. క్యూఆర్‌జెడ్ డాట్ కామ్ లాంటి చోట పూర్తి కాల్ సైన్ కొట్టి చూడండి. లేనే లేదంటే ఒక అక్షరం తప్పయి ఉండొచ్చు. మొదటి మెట్టులో చెప్పిన జంటలను ఒక్కొక్కటే మార్చి చూడండి. అక్కడి చిరునామా పాతదై ఉండొచ్చు. దాన్ని ఎక్కడా తిరిగి ప్రచురించకండి.

మూడోది, మీ చెవికి పరీక్ష. జవాబు ముందే తెలిసిన స్టేషన్‌తో సాధన చేయండి. 10 మెగాహెర్ట్జ్ మీద చైనా టైమ్ సిగ్నల్ బీపీఎమ్ మన దగ్గర వినిపిస్తుంది, దీనికి మామూలు ఏఎమ్ మోడ్ చాలు. ప్రతి గంటలో 29వ నిమిషంలో, 59వ నిమిషంలో టిక్కులు ఆగి మోర్స్‌లో బీపీఎమ్ అని, తర్వాత చైనీస్‌లో పేరు వస్తుంది. అదే ఫ్రీక్వెన్సీ మీద ఇంగ్లీషులో సమయం చెబుతూ మగ గొంతు వస్తే డబ్ల్యూడబ్ల్యూవీ, ఆడ గొంతు వస్తే హవాయిలోని డబ్ల్యూడబ్ల్యూవీహెచ్. ఈ మూడింటినీ తడబడకుండా విడదీయగలిగాకే హ్యామ్ బ్యాండ్లకు వెళ్లండి.

నోటుబుక్‌లో యూటీసీ సమయం, ఫ్రీక్వెన్సీ, మోడ్, కాల్ సైన్ రాశాక మూడు గడులు వేరుగా పెట్టండి: లైసెన్సు దేశం, అంకె సూచించే ప్రాంతం, ఆపరేటర్ తన నోటితో చెప్పిన ఊరు. వీయూ2 విన్న రోజు మొదటి గడిలో ఇండియా అని రాయండి, రెండో గడిలో గీత పెట్టండి, మూడో గడిని ఆ మనిషి ఊరి పేరు చెప్పేదాకా ఖాళీగా ఉంచండి.